నల్ల సబ్బు: పాఠకుల సందేహాలు, మా జవాబులు

ఘానా, నైజీరియా దేశాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల నుంచి, అక్కడ సంప్రదాయంగా తయారయ్యే నల్ల సబ్బు గురించి కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. ఒకే తీరు సందేహాలను ఒకచోట చేర్చి, ఈ సంచికలో శీర్షిక మొత్తాన్నీ ఆ సబ్బుకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మేము లాగోస్‌లో ఉంటున్నాము. ఎదురింటి పెద్దావిడ, యోరుబా అనే స్థానిక జాతికి చెందినవారు, నల్ల సబ్బు అని చెప్పి నాకు ఒక ముద్ద ఇచ్చారు. చూస్తే అది ముదురు గోధుమ రంగులో ఉంది, చేత్తో నొక్కితే పెళ్లలు పెళ్లలుగా విడిపోతోంది, కాస్త పొగ వాసన కూడా వస్తోంది. దుకాణంలో దొరికేది మాత్రం నిగనిగలాడే నల్లటి బిళ్ల. ఈ రెంటిలో అసలైనది ఏది? దీనిని దేనితో చేస్తారు?

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి చూస్తే, పెద్దావిడ ఇచ్చిన ముద్దే పాత పద్ధతిలో చేసిన సబ్బు అయి ఉండాలి. యోరుబాలు ఓషే దుదు అనీ, ఘానాలో అలాటా సమీనా అనీ వ్యవహరించే ఈ సబ్బు పేరుకు నల్లనిదే గాని, లేత గోధుమ రంగు మొదలుకొని బొగ్గు నలుపు వరకు ఏ ఛాయలోనైనా ఉండవచ్చు. ఆ ఛాయ సబ్బులో పడిన బూడిదను బట్టీ, ఆ బూడిద ఎంత మంట మీద ఎంతసేపు కాలిందన్న దానిని బట్టీ వస్తుంది.

తోటలోనూ వంటింట్లోనూ పారవేయవలసిన సరుకే దీనికి ముడిసరుకు. కూర అరటి తొక్కలు, గింజలు తీసేసిన కోకో కాయల డొల్లలు, పండ్లు దులిపిన ఆయిల్‌పామ్ గెలలు, కొన్నిచోట్ల షియా చెట్టు బెరడు, వీటిలో ఆ ప్రాంతంలో ఏది విరివిగా దొరికితే దానిని ఎండలో బాగా ఎండబెట్టి కాలుస్తారు. బూడిదలో మసి ఎక్కువగా మిగిలితే సబ్బు ముదురు రంగులో వస్తుంది, బాగా కాలి తెల్లబడిన బూడిదతో లేత రంగులో వస్తుంది. ఆ బూడిదను నీళ్లలో కలిపి వడగట్టి తేట తీస్తారు. మొక్కల బూడిదలో పొటాషియం కార్బొనేట్ పుష్కలంగా ఉంటుంది కనుక, వేళ్ల మధ్య జారుడుగా తగిలే ఆ తేట నిజానికి ఘాటైన క్షారజలం. దానిని పామ్ గింజల నూనె, పామాయిల్, కొబ్బరి నూనె, షియా వెన్న (షియా గింజల నుంచి తీసే కొవ్వు) వంటి వాటిలో అందుబాటులో ఉన్నదానితో కలిపి, పొయ్యి మీద గంటల తరబడి, చేయి ఆపకుండా కలియబెడుతూ ఉడికిస్తారు. క్షారం తగిలిన నూనె క్రమంగా విడిపోయి సబ్బుగానూ గ్లిజరిన్‌గానూ మారుతుంది. పైకి తేలిన చిక్కటి పదార్థాన్ని తీసి, సాధారణంగా రెండు వారాల పాటు ఆరబెట్టాకే అది అమ్మకానికి వస్తుంది. ఈ పని తరతరాలుగా ఎక్కువగా ఆడవారి చేతుల్లోనే ఉంది.

ముద్ద ఎందుకు విడిపోతోందన్న మీ అనుమానానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. కర్మాగారాల్లో బిళ్ల సబ్బుకు వాడేది సోడియం క్షారం. దానితో గట్టి సబ్బు వస్తుంది. బూడిద తేటలో ఉండేది పొటాషియం క్షారం. దానితో వచ్చే సబ్బు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, పైగా గాలిలోని తేమను లాక్కుంటుంది. అందువల్ల అంచులు పదునుగా, నున్నగా, ఒకే రంగులో ఉన్న గట్టి బిళ్ల కనబడితే, అది వేరే సబ్బుకు నల్ల రంగూ సువాసనా చేర్చి పోతపోసినదేమో ప్యాకెట్టు మీది చీటీ చదివి చూసుకోవాలి. అచ్చుపోసినవన్నీ నకిలీవని మా ఉద్దేశం కాదు. నైజీరియాలో పేరున్న దుదు-ఓసున్ వంటి సబ్బులలో కోకో డొల్లల బూడిద, పామ్ గింజల నూనె, షియా వెన్నలతో పాటు తేనె, కలబంద, నిమ్మరసం, కామ్‌వుడ్ అనే ఎర్ర చెక్క పొడి కూడా కలుపుతారు. ఆ వివరాలన్నీ చీటీ మీద ఉంటాయి. ప్యాకెట్టు సబ్బు కొనేటప్పుడు నైజీరియాలో నాఫ్‌డాక్ (అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ సంఖ్య, ఘానాలో అక్కడి ఫుడ్ అండ్ డ్రగ్స్ అథారిటీ నమోదు ఉన్నాయేమో చూడండి.

ప్రశ్న: అక్రాలో ఒక ప్రకటన చూశాను. అరటి తొక్కలోని ఎ, ఇ విటమిన్లు, కోకోలోని పోషకాలు ఈ సబ్బు ద్వారా చర్మంలోకి ఇంకుతాయనీ, ఇది వేల ఏళ్ల నాటి కోకో రహస్యమనీ అందులో రాశారు. ఇందులో నిజమెంత?

జవాబు: తొక్కలో ఏమున్నా, దానిని కాల్చి బూడిద చేశాకే సబ్బులో వేస్తున్నారన్న సంగతి ప్రకటన రాసినవారు మరిచిపోయినట్టున్నారు. విటమిన్లు నిప్పులో నిలవవు. కాలిన తరువాత మిగిలేది ఖనిజ లవణాలే, వాటిలోనూ ముఖ్యంగా పొటాషియం లవణాలే; అవి నూనెను సబ్బుగా మార్చడానికి పనికి వస్తాయి, అంతవరకే వాటి పాత్ర. పచ్చి తొక్కను గాని, కోకో గింజను గాని పరీక్షించి రాసిన గుణాలను తెచ్చి బూడిదకు అంటగట్టడం పొరపాటు. నూనెల సంగతి కొంత వేరు. షియా వెన్నలో సబ్బుగా మారని పదార్థాలు కొన్ని ఉంటాయి, వాటివల్ల కడిగిన తరువాత చర్మం కాస్త మృదువుగా అనిపించవచ్చు. ఎర్ర పామాయిల్‌లో, ఒంట్లో విటమిన్ ఎ గా మారే కెరోటిన్ ఉన్న మాటా నిజమే గాని, గంటల తరబడి ఉడికిన తరువాత అందులో మిగిలేది కొద్దిపాటి. ఆ మిగిలినది కూడా నిమిషం తిరగకుండా నీళ్లతో పాటు కాలువలోకి పోతుంది.

ఇక వేల ఏళ్ల మాట. కోకో అమెరికా ఖండపు చెట్టు. టెట్టే క్వార్షీ అనే ఆయన ఫెర్నాండో పో దీవి నుంచి గింజలు తెచ్చి, 1879లో అక్వాపిమ్ మాంపాంగ్‌లో తోట వేసిన తరువాతే ఘానాలో కోకో సాగు విస్తరించిందని ఆ దేశపు పిల్లలు బడిలో చదువుకుంటారు. బూడిదతో సబ్బు చేసే విద్య చాలా పాతదే అయినా, అందులోకి కోకో డొల్ల వచ్చి చేరినది ఆ తరువాతి కాలంలోనే.

మా దృష్టిలో ఈ సబ్బులో మెచ్చుకోవలసినది వేరే ఉంది. ఘానా, కోత్ దివ్వార్ (ఐవరీ కోస్ట్) కలిసి ప్రపంచపు కోకోలో సగానికి మించి పండిస్తున్నాయి. కోకో కాయ బరువులో సుమారు ముప్పాతిక పాలు డొల్లదే. గింజలు తీసుకున్న తరువాత ఆ డొల్లలను తోటలోనే కుప్పపోసి వదిలేస్తే, కాయలు నల్లబడి కుళ్లే తెగులుకు అవే నెలవవుతాయి. వాటిని ఏరి, ఎండబెట్టి, బూడిద చేసి సబ్బుకు మళ్లిస్తే తోటా శుభ్రపడుతుంది, ఇంటికి రాబడీ ఉంటుంది. తాఫోలోని ఘానా కోకో పరిశోధన సంస్థ కూడా డొల్లల నుంచి పొటాష్ తీసి సబ్బు తయారు చేసే పద్ధతుల మీద పనిచేసింది. ఇంత చక్కటి నిజం చేతిలో ఉండగా లేని విటమిన్ల గురించి చెప్పుకోవలసిన అవసరం ఏమిటో మాకు అర్థం కాదు.

ప్రశ్న: కుమాసిలో వైద్య విద్య చదువుతున్నాను. మొటిమలకు నల్ల సబ్బు మంచిదని స్నేహితురాళ్లు చెప్పగా, కెజేటియా మార్కెట్‌లో కొని రోజుకు మూడుసార్లు ముఖానికి రుద్దుతున్నాను. డాక్టరు రాసిన అడాపలీన్ జెల్ రాత్రిపూట వేరే రాసుకుంటున్నాను. మొదటి వారం ముఖం తేటగా అనిపించింది. ఇప్పుడు ముక్కు పక్కల పొట్టు రేగి మంటగా ఉంది. సబ్బు మానేయాలా?

జవాబు: ముఖం మామూలు స్థితికి వచ్చేదాకా సబ్బునూ జెల్‌నూ రెంటినీ ఆపండి, ముఖం నీళ్లతో కడుక్కుని, సువాసన లేని మాయిశ్చరైజర్ రాసుకోండి చాలు. మంట తగ్గాక జెల్‌ను మళ్లీ మొదలుపెట్టే విషయం మీ డాక్టరుతో మాట్లాడండి.

జరిగినదేమిటంటే, మన చర్మపు పైపొర కొద్దిగా ఆమ్ల స్వభావం కలది. దాని పీహెచ్ సుమారు 5 ఉంటుంది. నూనెనూ క్షారాన్నీ కలిపి చేసిన ఏ సబ్బుకైనా పీహెచ్ 9, 10 ప్రాంతంలో ఉంటుంది, నల్ల సబ్బు ఇందుకు మినహాయింపు కాదు. ఒకసారి కడిగితే చర్మం కొన్ని గంటల్లో తన స్థితికి తాను వస్తుంది. రోజుకు మూడుసార్లు కడిగితే ఆ వ్యవధి దొరకదు. అడాపలీన్ మొదటి వారాల్లో చర్మాన్ని ఎలాగూ పొడిబారుస్తుంది కనుక, ఒకదానికి మరొకటి తోడై మీకు పొట్టు రేగింది.

మొటిమలకు ఈ సబ్బు బొత్తిగా పనికిరాదని కూడా అనలేము. పామ్ గింజల నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. మొటిమల్లో పెరిగే బాక్టీరియాను ఆ ఆమ్లం అణచగలదని ప్రయోగశాలల్లో తేలింది. అయితే గాజు పాత్రలో గంటల తరబడి తగిలి ఉండే ఆమ్లానికీ, ముఖం మీద అర నిమిషం నిలిచి కడుక్కుపోయే నురగకూ చాలా తేడా ఉంది. జిడ్డు చర్మం ఉన్నవారికి అదనపు జిడ్డును, రోజంతా పట్టిన దుమ్మును బాగా వదిలిస్తుంది. మీకు మొదటి వారం తేటగా అనిపించినది అందువల్లనే. చర్మ రంధ్రాల లోపల పేరుకున్న కొవ్వు బిరడాను కరిగించే పని అడాపలీన్ వంటి మందులదే.

తిరిగి మొదలుపెట్టాలనుకుంటే రోజుకు ఒక్కసారి, సాయంత్రం మాత్రమే వాడండి. శనగగింజంత ముక్కను గిల్లి, తడి అరచేతుల మధ్య అది పూర్తిగా కరిగేదాకా నలపండి. కరగని బూడిద పలుకులు ఇసుక రేణువుల్లా చేతికి తగులుతుంటే వాటిని తీసేయండి. నురగను మాత్రమే వేళ్ల కొసలతో ముఖానికి పట్టించి, వెంటనే గోరువెచ్చటి నీళ్లతో కడిగేయండి. ముద్దను నేరుగా ముఖం మీద రుద్దవద్దు, అందులోని గరుకు పలుకులు చర్మాన్ని గీరుతాయి. అక్కడివారు స్నానానికి వాడే సాపో అనే వలపీచు వీపుకూ కాళ్లకూ బాగుంటుంది గాని, మొటిమలున్న ముఖం మీదకు దానిని రానివ్వకండి.

ప్రశ్న: అబూజాలో మా ఇంటి దగ్గరి సౌందర్యశాలలో నల్ల సబ్బులో ఏవో కలిపి, ‘వారంలో రంగు తేలుస్తుంది’ అని అమ్ముతున్నారు. మా అమ్మాయి బుగ్గల మీద మొటిమల మచ్చలు ఉన్నాయి. వాడించవచ్చా?

జవాబు: వద్దమ్మా, ఎంతమాత్రమూ వద్దు. శుద్ధమైన నల్ల సబ్బుకు చర్మపు రంగును మార్చే గుణం లేదు. అందువల్ల వారంలో రంగు తేలుస్తుందంటున్న సబ్బులో మరేదో కలిసి ఉండాలి. అలా కలిపేవాటిలో ఎక్కువగా పట్టుబడేవి మూడు: హైడ్రోక్వినోన్, ఘాటైన స్టెరాయిడ్లు, పాదరసపు లవణాలు. స్టెరాయిడ్‌ను ఏళ్ల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రటి నరాలు బయటపడి, చిన్న దెబ్బకే చిట్లుతుంది. హైడ్రోక్వినోన్‌ను అదుపు లేకుండా వాడితే, పోవాలనుకున్న నలుపే నీలి బూడిద రంగు మచ్చలై శాశ్వతంగా నిలిచిపోయే ప్రమాదం ఉంది. పాదరసం చర్మం గుండా రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వాడినవారికే కాక, ఆ ఇంట్లో పసిపిల్లలుంటే వారికీ ముప్పే. హైడ్రోక్వినోన్ కలిసిన సౌందర్య సామగ్రిని ఘానా 2016లో నిషేధించింది. పాదరసం విషయంలో 2013లో కుదిరిన మినమాటా అంతర్జాతీయ ఒడంబడిక, పది లక్షల పాళ్లలో 1 పాలుకు మించి పాదరసం ఉన్న సబ్బులు, క్రీముల తయారీని 2020తో ఆపాలని నిర్దేశించింది. ఇన్ని ఉన్నా చీటీ లేని డబ్బాల్లో కలిపి ఇచ్చే సరుకును ఎవరూ పరీక్షించరు. మూత తీసి వాసన చూసినంత మాత్రాన అందులో ఏముందో చెప్పడం మా వల్లా కాదు, మీ వల్లా కాదు.

మొటిమల మచ్చలు నెలల మీద వాటంతటవే పలచబడతాయి. ఈలోగా ఎండ తగిలితే మళ్లీ ముదురుతాయి కనుక, రోజూ సన్‌స్క్రీన్ రాయించండి, మొటిమలను గిల్లనివ్వకండి. మచ్చలు మరీ బాధిస్తుంటే చర్మవైద్యులు రాసిచ్చే మందే వాడాలి.

ప్రశ్న: తకొరాడిలో మాకు పాప పుట్టింది. మంత్రసాని మొదటి రోజే నల్ల సబ్బుతో గట్టిగా తోమి స్నానం చేయించాలంటున్నారు. కాదంటే చిన్నబుచ్చుకుంటారేమో. ఏం చేయమంటారు?

జవాబు: పుట్టిన తరువాత కనీసం 24 గంటలు గడిచాకే మొదటి స్నానం చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అంతకు ముందే తడిపితే బిడ్డ ఒళ్లు చల్లబడిపోవచ్చు. చర్మాన్ని అంటి ఉన్న తెల్లటి జిగురు పూతకు బిడ్డను కాపాడే గుణం ఉంది, దానిని తోమి తీయవలసిన పని లేదు. ఈ మాట ఆసుపత్రివారి చేత చెప్పిస్తే మంత్రసాని గారి మనసు నొచ్చుకోదు.

మొదటి నెలల్లో పాపకు ఉత్త గోరువెచ్చటి నీళ్లే చాలు. పసివారి చర్మం పెద్దవారి చర్మం కన్నా పలచన, తేమ తొందరగా కోల్పోతుంది. పైగా ఇంట్లో కాచిన సబ్బులో క్షారం పాళ్లు ఒక వాయికీ మరో వాయికీ మారుతుంటాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ఈ సబ్బు అసలు తాకించవద్దు. అక్కడి తల్లులు తరతరాలుగా వాడుతున్నారు కదా అనవచ్చు. వారు స్నానం కాగానే ఒంటి నిండా ఎన్‌కుటో, అంటే షియా వెన్న, పట్టించడం కూడా తరతరాలుగా చేస్తున్నారు. పాప విషయంలో ఆ రెండో అలవాటును మాత్రం నిశ్చింతగా తీసుకోండి.

ప్రశ్న: కానోలో ఉద్యోగం. డిసెంబరులో హర్మటన్ గాలి మొదలయ్యేసరికి కాళ్లు, మోచేతులు తెల్లగా పగులుతాయి. మా బాబుకు చిన్నప్పటి నుంచి ఎగ్జిమా. నల్ల సబ్బు పొడి చర్మానికి తేమ ఇస్తుందని విన్నాము.

జవాబు: సబ్బు ఏదైనా చర్మం మీది కొవ్వును తీసుకుపోతుంది, అది దాని పని. నల్ల సబ్బులో గ్లిజరిన్ వేరు చేయకుండా వదిలేస్తారు కనుక కొన్ని కర్మాగారపు సబ్బులతో పోల్చితే చర్మం కాస్త తక్కువగా బిగుసుకోవచ్చు. అంతమాత్రాన దానిని తేమనిచ్చే వస్తువు అనకూడదు. సహారా నుంచి వీచే ఆ ఎండుగాలి రోజుల్లో, అంటే ఇంచుమించు ఫిబ్రవరి దాకా, చంకలు, గజ్జలు, పాదాలు వంటి చోట్లకు మాత్రమే సబ్బు వాడి, మిగిలిన ఒంటికి నీళ్లు పోసుకుంటే సరిపోతుంది. స్నానం కాగానే, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, షియా వెన్నను అరచేతుల్లో కరిగించి పట్టించండి. పూర్తిగా ఆరిన చర్మానికి రాస్తే అందులో సగం ఫలితం కూడా ఉండదు.

బాబుకు ఈ సబ్బు వాడకండి. ఎగ్జిమా ఉన్న చర్మానికి రక్షణ పొర ముందే బలహీనంగా ఉంటుంది, క్షారం తగిలితే దురద పెరుగుతుంది. సబ్బు లేని మృదువైన క్లెన్సర్ వాడి, వైద్యులు చెప్పిన మందు కొనసాగించండి.

ప్రశ్న: ఇబాదాన్‌లో మా వారికి నడుము చుట్టూ తామర వచ్చింది. స్థానిక వైద్యుడు ఏదో ఆకు నూరి నల్ల సబ్బులో కలిపి ఇచ్చాడు. తగ్గుతుందా?

జవాబు: యోరుబా వైద్యంలో ఓషే దుదును ఆకులూ వేళ్లూ నూరి కలపడానికి ఆధారంగా వాడే ఆచారం ఉంది, చర్మరోగాలకే కాక, కీడు తొలగడానికి చేసే స్నానాలకూ అలాంటి సబ్బు ఇస్తారు. తామరకు సాధారణంగా కలిపేది సెన్నా అలాటా అనే మొక్క ఆకు. బూజు జాతి సూక్ష్మజీవులను అణచే పదార్థాలు ఆ ఆకులో ఉన్న మాట వాస్తవం. మీ వారికి ఇచ్చినది అదే ఆకో కాదో మాత్రం ఆ వైద్యుడినే అడగాలి. ఏ ఆకైనా, సబ్బులో కలిసి కడుక్కుపోతే అది చర్మం మీద నిలిచేది కొద్దిసేపే. క్లోట్రిమజోల్ లేదా టెర్బినాఫిన్ క్రీము మచ్చ అంచు దాటి కొంత మేర వరకు పూసి, మచ్చ మాయమైన తరువాత కూడా వారం రోజులు కొనసాగిస్తే తామర నయమవుతుంది. సబ్బు కావాలంటే దాని పాటికి అది స్నానానికి వాడుకోవచ్చు. తువ్వాలు, లోదుస్తులు ఎవరివి వారే వాడాలి.

ప్రశ్న: తలకు వాడవచ్చా?

జవాబు: జిడ్డు మాడుకు ఎప్పుడైనా ఒకసారి వాడవచ్చు. రంగు వేసిన జుట్టుకు వద్దు, రంగు త్వరగా వెలిసిపోతుంది. బోరు నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉన్నచోట ఈ సబ్బు ఆ నీటిలోని కాల్షియంతో కలిసి జుట్టుకు తెల్లటి మడ్డిలా పట్టుకుంటుంది; అక్కడ షాంపూయే నయం.

ప్రశ్న: మకోలా మార్కెట్‌లో పెద్ద ముద్ద కొన్నాము. స్నానాల గదిలో పెడితే పది రోజులకే జారిపోయి సబ్బుపెట్టె నిండా జిగురైంది, మిగిలిన ముక్క మీద తెల్లటి పొర కట్టింది. పాడైనట్టేనా?

జవాబు: జారిపోవడం గాలిలోని తేమ వల్ల, తెల్లటి పొర పైభాగం గాలికి ఆరడం వల్ల జరుగుతాయి, రెండూ సబ్బు పాడైనట్టు గుర్తులు కావు. నూలులాంటి బూజు కనబడినా, నూనె కనరు వాసన వచ్చినా మాత్రం పారవేయండి. ముద్దను కొన్న రోజునే చిన్న ఉండలుగా విడదీసి, ఒక్కొక్కటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, గాలి చొరని డబ్బాలో స్నానాల గదికి బయట ఉంచండి. వాడుకలో ఉన్న ఉండను నీరు కారిపోయే చిల్లుల పళ్లెంలో పెట్టండి. జారిపోయిన జిగురును వృథా చేయనక్కరలేదు: దానిలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి, పలుచటి గుడ్డలో వడగట్టి సీసాలో పోసుకుంటే చేతులు కడుక్కునే సబ్బు నీరు అవుతుంది. నీరు కలిసిన సబ్బు నిలవ ఉండదు కనుక వారం రోజులకు సరిపడా మాత్రమే చేసుకోండి. కొత్తగా కొన్న ముద్ద ఏదైనా, ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా నురగ రాసి కడిగి, ఒకటి రెండు రోజులు చూసి, దురద గాని ఎర్రదనం గాని రాకపోతేనే ఒంటికి వాడండి.